హెట్టీ స్కల్లీ మార్చిన తూటా

హెట్టీ స్కల్లీకి పదిహేడేళ్లప్పుడు వాళ్ల నాన్న తుపాకీ ఆయన చేతుల్లోనే పేలిపోయింది.

నాన్న పేరు బార్నీ. ప్రభుత్వం తరఫున జింకల్ని చంపడం ఆయన ఉద్యోగం. ఒకారి అనే నదికి ఎగువ కొండల్లో జింకలు చెట్టూ చేమా మిగల్చకుండా మేసేస్తున్నాయని, వానపడితే కొండచరియలు జారి నదిలో పడుతున్నాయని, కనిపించిన జింకనల్లా కాల్చెయ్యమని మనుషుల్ని పెట్టారు. చేతికిచ్చిన తూటాలు మాత్రం యుద్ధంలో మిగిలిపోయినవి. ముక్కు చివరిదాకా గట్టి లోహపు తొడుగు. అలాంటి తూటా జింక ఒంట్లో సూదిలా దిగి అవతలికి పోతుంది. జింక పడదు. పరిగెత్తుతుంది. ఎక్కడో నల్లతీగల పొదలో దూరి, నెత్తురు కక్కుకుంటూ మర్నాటికో ఆ మర్నాటికో చస్తుంది. వాసనను బట్టి వెతుక్కోవాల్సిందే.

అందుకని వేటగాళ్లు గుడిసెల్లో పొయ్యి ముందు కూర్చుని ఆకురాయితో తూటాల ముక్కులు అరగదీసేవాళ్లు. లోపలి సీసం బయటపడితే, తగిలినచోట తూటా పుట్టగొడుగులా విచ్చుకుని పెద్ద గాయం చేస్తుంది. పై అధికారులు అది వద్దని చెబుతూనే ఉన్నారు. బార్నీ వినే రకం కాదు. ఆ తూటాల వెనకవైపు తొడుగు ఎలాగూ ఉండదు. ముందువైపూ అరగదీస్తే అది రెండు పక్కలా తెరుచుకున్న గొట్టమే. ఎప్పుడో ఒకసారి సీసం ఒక్కటే బయటికి పోతుంది, తొడుగు తుపాకీ గొట్టంలో ఇరుక్కుంటుంది. తర్వాతి తూటా వెళ్లి దానికి గుద్దుకుంటుంది.

ఆ రోజు హెట్టీ తోళ్ల మూట వీపున వేసుకుని తండ్రి వెనకాలే నడుస్తోంది. బార్నీ ఒక లేడిని కాల్చాడు. అది పడలేదు. మళ్లీ కాల్చాడు. వచ్చిన చప్పుడు తుపాకీ చప్పుడులా లేదు. హెట్టీ తలెత్తేసరికి తుపాకీ గొట్టం అరటిపండు తొక్కలా చీలిపోయి ఉంది. తండ్రి ఎడమచేతికి చివరి రెండు వేళ్లు లేవు. చెంపలో ఇనపముక్క గుచ్చుకుని, గడ్డంలోంచి నెత్తురు కారుతోంది.

హెట్టీకి ఏడుపొచ్చింది.

"ఏడుపు తర్వాత. ముందు వేళ్లు వెతుకు" అన్నాడు బార్నీ.

"దొరికితే ఏం చేస్తావు నాన్నా?"

"దొరక్కపోతే ఏ కియా చిలకో తింటుంది. ఆ దొంగముండలకి నా చర్మపు సంచి పెట్టాను, నా బూట్ల తాళ్లు పెట్టాను. వేళ్లు కూడా పెట్టాలా?"

వేళ్లు దొరకలేదు. హెట్టీ తన చొక్కా చింపి చేతికి కట్టింది. చెంపలో ముక్కని తీయబోతే వద్దన్నాడు, తీస్తే ఇంకా కారుతుందని. కొండ దిగినంతసేపూ ఆయన తూటా తయారు చేసినవాణ్నీ, ఆకురాయి తయారు చేసినవాణ్నీ, జింకల్ని ఓడలో ఈ దేశానికి తెచ్చి వదిలినవాణ్నీ వరసపెట్టి తిట్టాడు. నది దాటాక ఒకచోట కూర్చుండిపోయి, "నన్ను తిట్టుకోవడం మర్చిపోయానే" అన్నాడు. తర్వాత స్పృహ తప్పింది.

చెయ్యి మానాక బార్నీ కొండల వైపు పోలేదు. ఒకారి దగ్గర రోడ్డు వేసే కూలీల శిబిరంలో వంటపనికి కుదిరాడు. హెట్టీ మాత్రం తుపాకీ వదల్లేదు. నది ఒడ్డు మైదానంలో ఊరి తుపాకీ క్లబ్బు వాళ్లు శనివారాలు గురి చూసి కాల్చుకునేవాళ్లు. క్లబ్బు పెద్ద నివెన్, తపాలా కొట్టు నడిపేవాడు. ఆయన ఆ అమ్మాయిని గోనెపట్టా మీద బోర్లా పడుకోబెట్టి, తుపాకీ భుజానికి ఎలా ఆనించాలో, ఊపిరి ఎక్కడ ఆపాలో నేర్పాడు. ఏడాది తిరక్కుండా ఆమె గుళ్లు కాగితం మీద ఒకదాని పక్కన ఒకటి పడటం మొదలెట్టాయి.

టియాకి అనే కుర్రాడితో పరిచయం అక్కడే. ఆ దేశపు తొలి ప్రజలైన మావోరీల్లో, నదీముఖం దగ్గరి కుటుంబం వాళ్లది. జింకమాంసం వేటాడి పట్నానికి పంపేవాడు. పొడుగ్గా, ఎప్పుడూ నలిగిన ఉన్నిచొక్కాలో, ఎవరినో ఒకరిని ఆటపట్టిస్తూ ఉండేవాడు. హెట్టీ మొదటిసారి పోటీలో పడుకున్నప్పుడు వెనకనించి అతని గొంతు వినపడింది.

"పాపా, పొయ్యి మీద బంగాళదుంపలు పెట్టొచ్చావా? మాడిపోతాయేమో చూసుకో."

హెట్టీ వెనక్కి తిరక్కుండానే అంది. "నీ గుళ్లు ఎక్కడ పడ్డాయో ముందు చూసుకో. కాగితం చిరగనే లేదు, కట్టిన గుంజ విరిగింది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. టియాకి అందరికంటే గట్టిగా నవ్వాడు. చలికాలం వచ్చేసరికి ఇద్దరికీ పెళ్లయింది.

పెళ్లయ్యాక వాళ్లిద్దరూ పోట్లాడుకున్నది ఎక్కువగా తూటాల గురించే. క్లబ్బులో వాడేవి గట్టి తొడుగు తూటాలు. అవి ఎన్ని కాల్చినా ఒకేలా పోతాయి. హెట్టీ తుపాకీలో మరీ ముద్దుగా పోయేవి, టీకప్పు బోర్లిస్తే గుళ్లన్నీ దాని కింద దాక్కునేవి. టియాకి వాడేవి మెత్తమూతి తూటాలు. వాటి ముక్కు దగ్గర సీసం బయటికి కనిపిస్తుంది, జేబులో ఒకదానికొకటి తగిలి సొట్టలు పడుతుంది. హెట్టీ తుపాకీలో అవి చెదిరి చెదిరి పడేవి. పైగా ఆమె గురికి బెత్తెడు కిందికి పోయేవి. వానపట్టి ఇంట్లో కదలకుండా ఉన్న రోజుల్లో ఇద్దరూ వెనక దొడ్డి చివర చెక్క నిలబెట్టి రెండు రకాలూ కాల్చి చూశారు కాబట్టి ఆమెకి ఆ తేడా కళ్లకి కట్టినట్టు తెలుసు.

"ఇదెందుకు వాడతావో నాకర్థం కాదు. తాగినోడు ఇంటికెళ్లినట్టు పోతుంది" అనేది హెట్టీ.

"జింక ఊపిరితిత్తులు నీ టీకప్పంత ఉండవే. పళ్లెమంత ఉంటాయి. పళ్లెంలో ఎక్కడ తగిలినా చాలు, తగిలినాక అది ఏం చేస్తుందన్నదే లెక్క. కాగితానికి చచ్చే పని లేదు. చిల్లు పడితే సరిపోతుంది."

"సరిగ్గా తగిలితే ఏదైనా ఒకటే."

"మీ నాన్న కూడా ఇలాగే ఎవరి మాటా వినలేదు."

ఆ మాటకి హెట్టీ చేతిలోని టీగ్లాసు అతని మీదికి విసిరింది. అతను వంగాడు. గ్లాసు గోడకి తగిలి పగిలింది. తర్వాత ఇద్దరూ కలిసి గాజుముక్కలు ఏరుకున్నారు.

అది జత కోసం మగదుప్పులు అరిచే కాలం. ఆ దక్షిణపు దేశంలో చలి దిగేది ఏప్రిల్లోనే. ఒకారికి పైన, చరియ జారి బోడిగా మిగిలిన వాలు మీద ఒక పెద్ద దుప్పి వారంగా అరుస్తోంది. పొద్దున్నే పెరట్లోకి వస్తే దాని అరుపు లోయంతా దొర్లుకుంటూ వచ్చి వినిపించేది. దాన్ని కొట్టాలని ఊళ్లో సగంమంది కళ్లు దాని మీదే ఉన్నాయి. అంతకుముందు శనివారమే క్లబ్బు పోటీలో హెట్టీ గెలిచింది. తుపాకీ గురి క్లబ్బు తూటాలకి పెట్టినట్టే ఉంది. దాన్ని మార్చి మెత్తమూతికి సరిచెయ్యాలంటే మళ్లీ నాలుగు కాల్చి చూసుకోవాలి. ఆమెకి ఓపిక లేదు. అంతకంటే ముఖ్యంగా, ఇష్టం లేదు.

బయల్దేరే ముందు ఉల్లిపాయలతో వేయించిన జింక కాలేయం తింటుండగా టియాకి ఆమె తుపాకీ వంక చూశాడు.

"కాగితం తూటాలతోనా వస్తావు?"

"మెడకి కొడతాను. వెన్నెముకకి తగిలితే అక్కడే కూలుతుంది."

"తగలకపోతే?"

"నేను కొడితేనా?"

"సరే దొరసానీ" అని అతను తన మెత్తమూతి తూటాలు నాలుగైదు తీసి ఆమె చొక్కా జేబులో వేశాడు. "ఇవి కూడా ఉండనీ. బరువైతే దారిలో పారెయ్."

ఆమె పారెయ్యలేదు. కానీ తుపాకీలోకి ఎక్కించింది మాత్రం క్లబ్బు తూటాలే.

వాగుకి ఇవతల ఎత్తైన గట్టు మీద, పడిపోయిన రాటా చెట్టు మాను వెనక హెట్టీ పడుకుంది. టియాకి వాగు దాటి, కింద రాళ్ల పరుపులో పొద మాటున కూర్చున్నాడు. ఆవుకొమ్ము నోటికి పెట్టుకుని దుప్పిలా అరవడం అతనికి బాగా చేతనవును. అరిచాడు. పైనించి పెద్ద దుప్పి బదులిచ్చింది. ఇంకోసారి అరిచాడు. చెట్ల లోపల కొమ్మలు విరుగుతున్న చప్పుడు వినిపించింది.

ముందు బయటికొచ్చింది పెద్దది కాదు. చిన్న కొమ్ముల కుర్ర దుప్పి ఒకటి, ఏదో లేడి ఉందనుకుని ఆశపడి వచ్చింది. దాని వెనకే పెద్దది దూసుకొచ్చింది. బురదలో, తన మూత్రంలో పొర్లి నల్లబడ్డ ఒళ్లు, వాచినట్టున్న మెడ, చొంగ కారుతున్న నోరు. కుర్రది తిరిగి నిలబడేలోపే పక్కటెముకల్లో కొమ్ములు దింపింది. ఎత్తి పడేసింది. లేవబోతే మళ్లీ పొడిచింది. కుర్రదాని పొట్ట చీలి పేగులు రాళ్ల మీద ఈడ్చుకుంటూ వచ్చాయి. అయినా అది లేచి వాగులోకి పరిగెత్తింది. నడిమి నీళ్లలో కాళ్లు మడతపడి, నీళ్లు దాన్ని దొర్లించుకుపోయాయి. పెద్దది ఒడ్డున నిలబడి, కొమ్ములకి వేలాడుతున్న తడిముక్కని తల విదిలించి పారేసి, అరవడానికి తల ఎత్తింది.

హెట్టీ అప్పటికే మీట నొక్కుతోంది. తల లేచిన ఆ రెప్పపాటులో మెడ ఎత్తు మారింది. తూటా వెన్నెముక కిందనించి మాంసంలోంచి దూసుకుపోయి, అవతల రాళ్లకి తగిలి కీచుమంది. దుప్పి మోకాళ్ల మీద కూలింది. పక్కకి ఒరిగింది. కాళ్లు ఒకసారి తన్నుకుని ఆగిపోయాయి.

ఆమె బోల్టు లాగి రెండో తూటా ఎక్కించింది. అది అలవాటు. కింద టియాకి లేచి, తుపాకీ దుంగకి ఆనించి, నెత్తురు వదలగొట్టడానికి కత్తి తీసుకుని నడిచాడు. ఎప్పుడూ తుపాకీ మొనతో కంటిగుడ్డు తాకి చూసేవాడు, చచ్చిందో లేదోనని. ఆ రోజు పడినతీరు చూసి నమ్మాడు. ఒక చేత్తో కొమ్ము పట్టుకుని మెడ తిప్పబోయాడు.

దుప్పి లేచింది.

టియాకి అరుపు వినపడే ముందే, జరుగుతున్నది హెట్టీ కంటికి కనపడింది. కొమ్ముల్లో కిందికి వంగిన మొన టియాకి తొడలో దిగింది. దుప్పి తల ఎగరేసింది. అంత పొడుగు మనిషి పాతగుడ్డలా గాల్లోకి లేచి రాళ్ల మీద పడ్డాడు. కత్తి ఎటో పోయింది. అతను పాకబోయాడు. దుప్పి వచ్చి మళ్లీ పొడిచింది. అతన్ని గట్టుకేసి నొక్కిపెట్టి, ముందరి గిట్టలతో తన్నుతూ, తలతో రుద్దుతోంది. అతను రెండు చేతుల్తోనూ కొమ్ములు పట్టుకుని వేలాడుతున్నాడు.

హెట్టీ గురి దుప్పి భుజం మీదికి వచ్చి ఆగింది. ఆ భుజానికి సరిగ్గా వెనక టియాకి గుండె ఉంది.

తుపాకీలో ఉన్నది గట్టి తొడుగు తూటా. క్లబ్బు మైదానంలో అవి రైలుపట్టాల కింద వేసే దూలాల్ని తొలుచుకుపోవడం ఆమె చూసింది. దుప్పి భుజం దానికొక లెక్క కాదు. అవతలికి వచ్చి మనిషిలో దిగుతుంది. దుప్పిని కదలనిచ్చి, పక్కకి తిరిగేదాకా ఆగుదామంటే ప్రతి క్షణం కొమ్ము లోపలికి పోతోంది.

ఆమె బోల్టు లాగింది. ఎక్కించిన తూటా ఎగిరి రాళ్ల మీద పడింది. జేబులో చెయ్యి పెట్టింది. మొదటి తూటా వేళ్లలోంచి జారిపోయింది. రెండోది పట్టుకుంది. బొటనవేలితో తుపాకీలో మిగిలిన తూటాల మీద అదిమి, బోల్టు మూసింది. ఇప్పుడున్నది మెత్తమూతి. పెద్ద ఎముకకి తగిలితే అక్కడే విచ్చుకుని అక్కడే ఆగుతుంది. తగలకపోతే ఆగదు. అది బెత్తెడు కిందికి పోతుంది. కాబట్టి బెత్తెడు పైకి పెట్టాలి. ఎక్కువ పైకి పెడితే, దుప్పి వీపు మీదుగా పోయి టియాకి మొహానికి తగులుతుంది.

దుప్పి మెడ భుజంతో కలిసేచోట, ఎముకలు ముడిపడే చోటుకి పైగా, బురదపట్టిన వెంట్రుకల మీద గురిపెట్టింది. ఊపిరి ఆగలేదు. ఆగకుండానే కాల్చింది.

దుప్పి ముందుకాళ్లు ఒక్కసారే లేకుండాపోయినట్టు కూలింది. కూలి అతని మీదే పడింది.

ఆమె గట్టు ఎలా దిగిందో, వాగు ఎలా దాటిందో తర్వాత ఎంత ఆలోచించినా గుర్తుకురాలేదు. నడుములోతు నీళ్లలో తుపాకీ పైకెత్తి పట్టుకున్నది మాత్రం గుర్తుంది. టియాకి దుప్పి కింద కదులుతున్నాడు.

"దీన్ని నా మీదే పడెయ్యాలా తల్లీ" అన్నాడు. పళ్లనిండా నెత్తురు. పెదవి చీలింది.

"నోరు ముయ్యి. తగిలిందా నీకు? తూటా తగిలిందా?"

"ఏమో. అన్నీ తగిలినట్టే ఉంది."

వరదకి కొట్టుకొచ్చిన మొద్దు ఒకటి దుప్పి కింద దూర్చి, భుజంతో ఎత్తి, అతన్ని బయటికి లాగింది. ఒంట్లో తూటా లేదు. తొడలో మాత్రం ఆమె పిడికిలి పట్టేంత కన్నం ఉంది. అందులోంచి నెత్తురు ఎగజిమ్ముతోంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా. ఆమె నిజంగానే పిడికిలి దూర్చి నొక్కింది. టియాకి గొంతు చించుకుని అరిచి, ఆమె జుట్టు పట్టుకుని గుంజాడు. రెండో చేత్తో, పళ్లతో, తుపాకీ తోలుపట్టా ఊడదీసి తొడ మొదట్లో బిగించింది. కర్రముక్క పెట్టి మెలితిప్పింది. ఎగజిమ్మడం తగ్గి ఊటగా మారింది.

మాంసం మొయ్యడానికి తెచ్చిన గుర్రం వాగు పక్కనే ఉంది. నెత్తురు వాసనకి అది గుండ్రంగా తిరుగుతూ నిలవలేదు. హెట్టీ దాని చెవి పట్టుకుని మెలిపెట్టి, తన ఒంట్లో ఉందని తనకే తెలియని బలంతో మొగుణ్ని దాని వీపు మీద అడ్డంగా పడేసి కట్టింది. వాన మొదలైంది. రోడ్డు కూలీల శిబిరం చేరేదాకా అతనితో పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూనే ఉంది, అతను బదులివ్వడం మానేసినా.

బార్నీ గరిటె పట్టుకుని గుడారంలోంచి బయటికొచ్చాడు. గుర్రం మీది మనిషినీ, మోచేతులదాకా ఎర్రగా ఉన్న కూతుర్నీ చూసి, గరిటె పడేసి ట్రక్కు కోసం కేకపెట్టాడు. నదులు దాటుకుంటూ ఆసుపత్రి చేరేవరకూ ట్రక్కు వెనక అల్లుడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఆయనే. హెట్టీ కాలు నొక్కి పట్టుకుంది.

"ఏం తూటా వేశావు?" అని ఒక్కసారి అడిగాడు.

"ముందు క్లబ్బుది."

ఆయన వేళ్లు తెగిన చేత్తో అల్లుడి నుదురు తుడిచాడు. ఏదైనా అంటే బాగుండేదని హెట్టీకి అనిపించింది.

టియాకి బతికాడు. కాలు దక్కలేదు. తొడ సగానికి తీసేశారు.

ఇంటికొచ్చాక అతను వేరే మనిషయ్యాడు. ఎవరొచ్చినా మొహం తిప్పుకునేవాడు. చంకకర్రలు గోడకేసి కొట్టేవాడు. వంటింట్లో కప్పూ సాసరూ అన్నీ ఒక్కొక్కటిగా పగిలి, ఇద్దరూ రేకు గ్లాసుల్లో టీ తాగే రోజులొచ్చాయి. హెట్టీ ఊరుకునేది. ఆమె ఊరుకోవడం చూస్తే అతనికి ఇంకా మండేది.

ఒక రోజు వంట చేస్తుంటే చంకకర్ర ఎగిరొచ్చి ఆమె వీపుకి తగిలింది. ఆమె బూర్లమూకుడు లాంటి బరువైన ఇనప పెనం చేత్తో పట్టుకుని తిరిగింది.

"ఇంకొకటి విసురు. ఈ పెనం నీ బుర్ర మీద పెట్టకపోతే నా పేరు హెట్టీ కాదు."

"పెట్టవే. కాగితం తూటాతో మొదలెట్టావుగా, పెనంతో ముగించు."

మొదటిసారి బయటికొచ్చింది ఆ మాట. పెనంలోంచి కొవ్వు కారి నేలమీద పడుతోంది.

"అవును. నేనే వేశాను. చెప్పావు, వినలేదు. పొగరు. కాలు తెచ్చివ్వమంటే తెచ్చివ్వలేను. నన్ను ఇంకేం చెయ్యమంటావో చెప్పు" అంది హెట్టీ.

టియాకి కిటికీ వైపు తిరిగాడు. మొహం మీదికి నవ్వులాంటిది ఒకటి వచ్చింది.

"ఆ రోజు కొమ్ములు పట్టుకుని వేలాడుతూ నీ వంక చూశాను. గట్టు మీద కనిపించావు. తుపాకీలోంచి తూటా తీసి పారేస్తున్నావు. నాకర్థం కాలేదు. నా పెళ్లాం నన్ను వదిలేస్తోందనుకున్నాను. ఆ ఉన్న ఊపిరితోనే నిన్ను తిట్టిన తిట్లు, మా తాతలెవరూ తిట్టి ఉండరు."

"వినపడలేదు."

"వినపడి ఉంటే కాల్చేదానివి కాదు."

"కాల్చేదాన్నే. క్లబ్బుది" అంది హెట్టీ.

అప్పుడు నిజంగా నవ్వాడు. ఆమె పెనం పొయ్యి మీద పెట్టి, నేల తుడిచి, ఆ తర్వాత పెరట్లోకి వెళ్లి చాలాసేపు ఏడ్చింది.

వసంతం వచ్చాక నివెన్ ఇంటికొచ్చాడు. టోపీ చేతిలో నలుపుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"శనివారం మైదానానికి రారాదూ టియాకి?"

"కుంటివాణ్ని, ఏం చెయ్యను బాబాయ్? గుంజకి బదులు నిలబెడతావా?"

"బోర్లా పడుకునేవాడికి కాళ్లెందుకురా?"

టియాకి వెళ్లాడు. మొదట్లో గుళ్లు గుంజలకే తగిలాయి. తర్వాత కాగితానికి తగిలాయి. అడవిలో పరిగెత్తే జింకని కొట్టినవాడికి కదలని చుక్క ముందు కదలకుండా ఉండటం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. హెట్టీ పక్కనే పడుకుని కాల్చేది. ఇద్దరూ ఒకే పెట్టెలోంచి గట్టి తొడుగు తూటాలు తీసుకునేవాళ్లు. అక్కడ వాటి పని అదే. ఒక పోటీలో అతను ఆమెని ఓడించాడు. ఆ వారమంతా ఊళ్లో ఎదురైన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పుకున్నాడు. ఆమె అన్నం పెట్టేటప్పుడు కూడా చెప్పాడు.

జింకల కోసం హెట్టీ వేరే తుపాకీ కొంది. దాని గురి మెత్తమూతికి మాత్రమే పెట్టి, ఇంకేదీ అందులో వెయ్యలేదు. చాలాకాలం అది గోడకే వేలాడింది. తర్వాతి ఏప్రిల్లో దుప్పులు అరుస్తున్నా ఆమె పైకి పోలేదు. ఆ పై ఏప్రిల్లో ఒక పొద్దున టియాకి మెట్టు మీద కూర్చుని చెవి కొండవైపు పెట్టాడు.

"దగ్గర్లోనే ఉంది. ఫెర్న్ పొదల పైన. ఇంట్లో మాంసం లేదు."

"గొర్రె ఉంది."

"గొర్రె మాంసమే? నేను చచ్చాక తిను."

ఆమె తుపాకీ దించింది. అతను ఈసారి సలహా ఇవ్వలేదు.

పొదల పైన ఎర్రటి ఎండలో దుప్పి నిలబడి ఉంది, ఒక లేడి చుట్టూ తిరుగుతూ. హెట్టీ పాకుతూ దగ్గరికి వెళ్లింది, దాని వాసన ముక్కుకి తగిలేంత దగ్గరికి. అది పక్కకి తిరిగేదాకా ఆగింది. మోచెయ్యి వెనక, ఊపిరితిత్తుల మీద గురిపెట్టి కాల్చింది. తూటా తగిలిన చప్పుడు తడిబట్ట బండకేసి కొట్టినట్టు వినిపించింది. దుప్పి వీపు విల్లులా వంగి, నాలుగడుగులు దూకి, ముక్కులోంచి నురగనెత్తురు చిమ్ముతూ పడిపోయింది. కాళ్లు నేలని గీరాయి. ఆగాయి.

ఆమె ఇంకో తూటా ఎక్కించి, చాలాసేపు దూరంగానే నిలబడింది. తర్వాత తుపాకీ మొనతో కంటిగుడ్డు తాకింది. రెప్ప కదల్లేదు. మళ్లీ తాకింది. అప్పుడు గొంతు కోసి, పొట్ట చీల్చి, ఆవిరెగిసే పేగులు గడ్డిమీదికి లాగింది. పక్కటెముకల లోపల ఊపిరితిత్తులు చిక్కటి ఎర్రముద్ద అయిపోయి ఉన్నాయి. అవతలివైపు తోలు కింద తూటా గుండ్రంగా విచ్చుకుని ఆగి ఉంది. వేళ్లతో తీసి చూసి పొదల్లోకి విసిరేసింది.

వెనక గిట్టల చప్పుడైతే తిరిగి చూసింది. టియాకి. జీనుకి తాడుతో తనని తాను కట్టుకుని, ఆమెకి చెప్పకుండా గుర్రమెక్కి కొండమీదికి వచ్చాడు. మొహం చెమటతో తడిసింది.

"పడతావు, చస్తావు" అంది హెట్టీ.

"పడలేదుగా. ఎక్కడ తగిలింది?"

ఆమె చూపించింది. అతను గుర్రం మీదనించే వంగి చూసి తల ఊపాడు.

"జతకట్టే కాలంలో మగదాని మాంసం చెప్పుతోలులా ఉంటుంది. లేడిని కొట్టాల్సింది."

"నువ్వు అడిగింది దీన్నే."

"అడిగాను. తప్పంటున్నానా? వెనకకాళ్లు ఇటివ్వు, నా ముందర కడదాం. మబ్బు పట్టింది, తొందరగా కానీ."

ఆమె కత్తి గడ్డికి తుడిచి, తుంటికీలు వెతికి, కోయడం మొదలుపెట్టింది.